ఖనిలో ఆరని పరుపులు

కరీంనగర్ నుండి రాజీవ్ రహదారి మీదుగా ఉత్తరానికి సాగే బస్సు పెద్దపల్లి దాటిన కొంతసేపటికి, వరిపొలాల ఆవల ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. రామగుండంలోని ఆ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 1983లో పని ప్రారంభించింది. ఆ పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అది దాటితే జ్యోతినగర్, గౌతమినగర్, ఎరువుల కర్మాగారం, ఆ తరువాత గోదావరిఖని. చుట్టుపక్కలవారు చాలామంది క్లుప్తంగా 'ఖని' అంటారు. ఒక ఊరికి గని అనే పేరే మిగలడంలో ఆ ఊరి చరిత్ర అంతా ఉంది.

ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. అదే తరువాత సింగరేణి అయింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. గోదావరి ఒడ్డున ఇక్కడ గనులు తెరిచింది 1960 ప్రాంతంలో. పల్లెలు విడిచి వచ్చినవారితో నిండిన ఊరు కనుక, ఇక్కడ తాతల నాటి ఇళ్ళు తక్కువ. క్వార్టర్లు, అద్దె గదులు ఎక్కువ.

రబీఉల్ అవ్వల్ మాసంలో అర్ధ సంవత్సర పరీక్షల కోసం అక్కడి ఒక మక్తబ్‌కు వెళ్ళి, నా పూర్వ విద్యార్థి ఇంట రెండు రాత్రులు ఉన్నాను. అతడు భూగర్భ గనిలో కార్మికుడు. పట్టణంలో రెండు గదుల అద్దె ఇల్లు. భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు. వారం రోజులుగా ముసురు వదలడం లేదు. గోదావరి నిండుగా ఉంది. ఇంటి గోడలు తాకితే చల్లగా, చెమ్మగా తగులుతున్నాయి.

రాత్రి పక్కగదిలో ఏడేళ్ళ పాప దగ్గుతూనే ఉంది. పడుకున్నప్పుడే దగ్గు. లేచి కూర్చుంటే తగ్గుతుంది. ఛాతీలో పిల్లి కూత వంటి శబ్దం. మరునాడు అతని తల్లి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి, "మౌలానా సాబ్, దువా చదివి ఊదండి. బిడ్డకు ఎవరి దిష్టో తగిలింది" అన్నారు. దువా చేశాను, దానికి ఎన్నడూ అడ్డు చెప్పను. వైద్యునికి చూపించారా అని అడిగితే, చూపించామని, ఇన్‌హేలర్ ఇచ్చారని, దుమ్ముకు దూరంగా ఉంచమన్నారని కోడలు చెప్పింది. "అందుకే కిటికీలు తెరవడం మానేశాం మౌలానా సాబ్. బొగ్గు నుసి వస్తుందని" అంది.

గదిలో ముక్కిన వాసన ఉంది. వర్షాకాలపు వాసన అని అందరూ సరిపెట్టుకున్నారు. అది మంచం వైపు నుండే వస్తోంది. పెళ్ళిలో ఇచ్చిన పెట్టె మంచం అది. కింద సామాను పెట్టుకునే అరలు, పైన ప్లైవుడ్ పలక, దానిపై ఆరంగుళాల ఫోమ్ పరుపు. "పరుపు ఒకసారి ఎత్తి చూద్దామా బేటా" అన్నాను. ఇద్దరం పట్టి గోడకు నిలబెట్టాం. పరుపు అడుగున, పలక మీద, మనిషి పడుకున్న ఆకారంలోనే నల్లని బూజు మచ్చలు. భుజాలుండే చోట ఒకటి, నడుముండే చోట ఇంకొకటి. పలక తడిగా ఉంది. ఇంటి కప్పు మాత్రం ఎక్కడా కారడం లేదు.

మరి ఆ నీరు ఎక్కడిది? ఆ ఇంట్లోని మనుషులదే. నిద్రలో మన చర్మం నుండి, శ్వాస నుండి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. చర్మం నుండి వచ్చినదానిలో కొంత కిందికి, పరుపులోకి దిగుతుంది. ముప్పై డిగ్రీల వేడిగాలి ఒక ఘనపు మీటరుకు ముప్పై గ్రాముల వరకు నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి ఇరవై డిగ్రీలకు చల్లబడితే పదిహేడు గ్రాములే మోస్తుంది. మిగిలినది నీటిబొట్టుగా మారక తప్పదు. ఒంటి వేడితో వెచ్చబడిన గాలి పరుపు గుండా దిగి, అడుగున చల్లని పలకను తాకిన చోట జరిగేది ఇదే. పలకకు రంధ్రాలు లేవు. కింద అరల నిండా బట్టలు. ఆవిరికి పోయే దారి లేదు. చెమ్మ ఉన్న చోట బూజు పుడుతుంది, కంటికి కనిపించని డస్ట్ మైట్స్ అనే సూక్ష్మ పురుగులు పెరుగుతాయి. ఉబ్బస లక్షణాలున్న పిల్లలకు ఈ రెండూ పడవు. దుమ్ము వీధిలోనే ఉంటుందని తలచి కిటికీ మూస్తే, చెమ్మ ఇంట్లో బందీ అవుతుంది.

ఇతర ఊళ్ళలో లేని చిక్కు ఒకటి ఈ గనుల ఊరిలో ఉంది. పని మూడు షిఫ్టులు. నా విద్యార్థి ఆ వారం రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఉదయం ఇల్లు చేరి, స్నానం చేసి, తడి తలతోనే పడుకుంటాడు. అప్పటికి పిల్లలు లేచి గంట కూడా కాలేదు, పరుపు ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగటి నిద్రకు చీకటి కావాలి కనుక కిటికీలు మూస్తారు. సాయంత్రం అతడు లేచిన తరువాత పిల్లలు దానిపైనే కూర్చుని చదువుకుంటారు. రాత్రి అతడు పనికి వెళ్ళగానే తల్లీ పిల్లలూ పడుకుంటారు. దోమల వల్ల అప్పుడూ కిటికీలు మూతే. ఇరవైనాలుగు గంటల్లో ఆ పరుపు ఖాళీగా ఉండేది నాలుగు గంటలు కూడా కాదు. సాధారణంగా ఇళ్ళలో పగలంతా పరుపు తనంతట తానే ఆరుతుంది, ఎవరూ గమనించరు. ఇక్కడ దానికి ఆ పగలే లేదు.

మా చిన్ననాటి నవారు మంచం, నులక మంచం గుర్తుకు వచ్చాయి. వాటి కింద అంతా గాలే. ఉదయం లేవగానే బొంత మడిచి, మంచం గోడకు నిలబెట్టేవారు. చోటు చాలక చేసిన పని అది, కాని దానితో పడక ఆరేది. నేటి పెట్టె మంచం చోటును మిగిల్చింది, గాలిని తీసివేసింది. కట్నపు సామానులో ఇది తప్పనిసరి కావడం నాకు నచ్చదు, ఆ చర్చ వేరే.

పడకపైకి చేరేముందు దానిని వస్త్రపు అంచుతో దులపమని, మనం లేని వేళ అక్కడికి ఏమి చేరిందో మనకు తెలియదని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆయన (స) పడక తోలుతో చేసినదని, లోపల ఖర్జూర పీచు నింపి ఉండేదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. ప్రతి హదీసును ఆధునిక శాస్త్రంగా చాటే అలవాటు నాకు లేదు. అయితే పడకను దులపడం అనే సున్నత్‌ను పైదుప్పటి దగ్గరే ఆపకుండా, వారానికి ఒకసారైనా పరుపు అడుగు చూసేదాకా తీసుకువెళ్తే తప్పేమిటని ఆ ఇంట్లో అన్నాను. పెద్దావిడ నవ్వారు.

రెండవ రోజు అస్ర్ తరువాత నా విద్యార్థి తన మిత్రుని దగ్గరకు తీసుకువెళ్ళాడు. అతడు ఓపెన్‌కాస్ట్‌లో ఓబీ మట్టి తోలే ఒక కాంట్రాక్టరు క్యాంపులో వెల్డరు. క్యాంపులో వరుసగా ఇనుప కంటెయినర్ గదులు. ఎక్కడెక్కడి నుండో వచ్చిన డ్రైవర్లు వాటిలో ఉంటారు. ఒక్కో గదిలో ఒకదానిపై ఒకటిగా ఇనుప పడకలు. పగటి షిఫ్టువాడు లేస్తే రాత్రి షిఫ్టువాడు అదే పడకపై వాలుతాడు. ఇనుప రేకు ఇటుక గోడకన్నా త్వరగా చల్లబడుతుంది. ముసురు రోజుల్లో, చలికాలపు తెల్లవారుజామున లోపలి రేకుపై నీరు చెమటలా కారుతుందని అతడు చెప్పాడు. మన దగ్గర కారవాన్ అంటే సినిమావాళ్ళ బండి. విదేశాల్లో కుటుంబాలు సెలవులకు వెళ్ళే బండి ఇళ్ళలోనూ, పలుచని గోడలు, పలకపై పరుపు కావడం వల్ల, ఇదే బాధ ఉంటుంది. అక్కడివారు పరుపు కింద సందులున్న చెక్కపట్టీలో, గాలి ఆడే జాలీ వంటి మెత్తో పరుస్తారు.

ఈ వెల్డరు అటువంటి పుస్తకమేదీ చదవలేదు. తన పడక పలకను తీసివేసి, ఇనుప చట్రంపై అడ్డంగా రెండేసి వేళ్ళ ఎడంతో చెక్క రీపర్లు బిగించాడు. పరుపును రేకు గోడకు ఆనకుండా జానెడు ఇవతలికి జరిపాడు. ఎదురెదురు కిటికీలు రెండూ కొద్దిగా తెరిచి జాలీ కొట్టాడు. అతని పరుపు కింద చేయి పెట్టి చూశాను, పొడిగా ఉంది. పక్క గదిలో పలకపై ప్లాస్టిక్ పట్టా పరిచి, దానిపై పరుపు వేశారు. ఆ పట్టా ఎత్తితే చేతికి నీళ్ళు తగిలాయి. పరుపును చెమ్మ నుండి కాపాడాలని వేసిన పట్టాయే చెమ్మను పట్టి ఉంచుతోంది. పసిపిల్లల కోసం తల్లులు వాడే రెక్జిన్ గుడ్డదీ ఇదే సంగతి. దానిని పరుపు పైన, దుప్పటి కింద వేసి, పొద్దున్నే తీసి ఆరవేయాలి. పరుపు అడుగున వేయకూడదు.

ఆ సాయంత్రమే ఇంట్లో పని మొదలుపెట్టాం. బూజును పొడిగా దులిపితే గది అంతా ఎగురుతుంది. అందుకని పాపను నాయనమ్మతో పక్కింటికి పంపి, కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీటి తడిగుడ్డతో పలకను తుడిచాం. వెల్డరు డ్రిల్లు తెచ్చి పలకకు బెత్తెడు దూరానికొకటిగా రంధ్రాలు చేశాడు. పైన రీపర్లు పరిచాడు. అరల్లోని సామాను సగం ఖాళీ చేశాం. అందులో ఎన్నడూ వాడని నాలుగు కొత్త దుప్పట్లు బయటపడ్డాయి. తేమకు వాటి మడతలూ పసుపుపచ్చగా మారాయి. కోడలు వాటిని చూస్తూ కొంతసేపు ఊరకే ఉండిపోయింది. పుట్టింటివారు ఇచ్చినవి.

షిఫ్టు మార్చడం మన చేతిలో లేదు. అందుకని పడకకు పగలు సంపాదించడం ఎలాగని ముగ్గురూ ఆలోచించారు. పిల్లలు లేవగానే దుప్పటి పరిచి సర్దడం మానాలని, దానిని తీసి, పరుపును గోడకు నిలబెట్టి, అతడు వచ్చేదాకా ఫ్యాను వేసి ఉంచాలని కోడలు నిర్ణయించింది. లేచీలేవగానే చక్కగా దుప్పటి కప్పితే రాత్రి ఆవిరి లోపలే ఉండిపోతుంది. సర్దిన పడక చూడముచ్చటగా ఉంటుంది, కాని ఆ ముచ్చట గంట ఆగవచ్చు. సాయంత్రం పిల్లల చదువు చాపమీదికి మారింది. ఇంట్లో తాడు కట్టి తడిబట్టలు ఆరవేయడం ఆ గదిలో ఆపారు. వాన లేనప్పుడు మధ్యాహ్నం కొంతసేపు కిటికీ తెరిచి, దానికి తడిపి పిండిన పలుచని పాత చీర కట్టాలని మొదట అనుకున్నారు. తడి గుడ్డతో మళ్ళీ చెమ్మే కదా అని పెద్దావిడే అడ్డు చెప్పారు. పొడి చీర కట్టారు. నుసి దానిపై పడుతుంది, వారానికోసారి ఉతికితే పోతుంది.

పాప మాత్రం పెద్దావిడ నవారు మంచంపైకి మారింది. ఇన్‌హేలర్ ఆపవద్దని, వైద్యుని వద్దకు మళ్ళీ వెళ్ళినప్పుడు పరుపు కింద చూసినది చెప్పమని గట్టిగా చెప్పాను.

పాపకు వేరే దూది పరుపు కుట్టించాలని అతని తల్లి కోరిక. తిరుగు ప్రయాణానికి ముందు పరుపులు కుట్టే ఒక దూదేకుల పెద్దాయన దుకాణానికి వెళ్ళాం. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని ఊరికొక పేరుతో పిలిచే ఈ సోదరుల చేతిపని మీదే ఒకప్పుడు తెలుగునాట ఇళ్ళన్నీ నిద్రపోయాయి. ఆయన తండ్రి విల్లు ఇంకా గోడకు వేలాడుతోంది, పని మాత్రం యంత్రానిది. దూది కూడా తేమను పీలుస్తుందని, బాగా ఆరినట్లు కనిపించే దూదిలో సైతం నూటికి ఏడెనిమిది పాళ్ళు నీరుంటుందని నేనన్నాను. "నిజమే హజ్రత్. కాని దీన్ని విప్పొచ్చు. మూడేళ్ళకోసారి కుట్లు ఊడదీసి, ఎండబెట్టి, మళ్ళీ ఏకితే కొత్తదే. ఆ ఫోమ్‌ను విప్పి ఏం చేస్తారు?" అన్నాడాయన.

ఎప్పటికి కుట్టి ఇస్తారని పెద్దావిడ అడిగారు. ఆయన బయటి ముసురు వైపు చూసి, గోనెలోని దూదిని గుప్పెట పట్టి నొక్కి వదిలాడు. అది విచ్చుకోలేదు. "ఇప్పుడు ఏకితే ఉండ కడుతుందమ్మా. దసరా దాటనివ్వండి, ఎండలు పడ్డాక కుట్టిస్తాను" అన్నాడు. బయానా ఇస్తామన్నా తీసుకోలేదు.