మిర్చి కొట్టంలో హెరాల్డ్

జనవరి 17, 2025
బస్తాలు, పాత స్ప్రేయర్లు, డ్రిప్పు పైపుల చుట్టలు బయటికి ఈడ్చేసరికి కారు మొత్తం కనపడ్డది. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. పెదతాత కొన్నది. టైర్లు నేలకు అతుక్కుపోయినయి, వెనక సీటు ఎలుకల పాలైంది. చాసిస్ మాత్రం గట్టిగానే ఉంది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మా తిరుమలాయపాలెం మండలంలోనే రాకాసి తండా మునిగింది. మా కొట్టం మెరక మీద ఉండబట్టి ఈ కారు దక్కింది.
"పాతసామానోడు కూడా ఎత్తుకపోడురా దీన్ని" అంది నాయనమ్మ. అడిగి చూసిందట.

జనవరి 26
"స్పోర్ట్స్ కారన్నవు, ఇది పెళ్లికొడుకు కారు లెక్కుంది గదా బావా!" బామ్మర్ది ఎకసెక్కం.
వాడి మాటలో తప్పేం లేదు. చూడ్డానికి బుద్ధిమంతురాలే. కానీ 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, అసలు సిసలు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి కట్టింది. రెండింటికీ గీత గీసింది ఇటలీ ఆయనే, జొవాన్ని మికెలోటి. మనకు స్పిట్‌ఫైర్ రాలేదు, హెరాల్డ్ వచ్చింది. 1961 నుంచి మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. అంబాసిడర్, ఫియట్, ఇది. ఆ రోజుల్లో మధ్యతరగతి మనిషి కోరుకోవడానికి ఉన్నవి ఆ మూడే. షోళవరం పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగినప్పుడు కుర్రాళ్లు పైభాగాలు ఊడబీకి పరిగెత్తించిన వాటిలో హెరాల్డూ ఉంది. స్పోర్ట్స్ కారుకు చుట్టమే అన్నమాట.

ఫిబ్రవరి 9
బానెట్ ఎత్తాం. ముందు మడ్‌గార్డులు, లైట్లతో సహా మొత్తం మూతి ముందుకు వాలిపోతుంది. ఇంజను పక్కన టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇంత మెకానిక్ పక్షపాతి కారు మరోటి చూడలేదు.
బాడీ అంతా బోల్టుల మీదే. దానికో కథ. ఇంగ్లండులో ఈ కారును చేసిన ట్రయంఫ్‌కు బాడీలు నొక్కిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. ఒకే ముక్కగా బాడీ చేసిచ్చేవాడు దొరకలేదు. దాంతో ముక్కలు తలా ఓ చోట చేయించి, విడి చాసిస్ మీద బిగించే పద్ధతి పెట్టుకున్నారు. గతిలేక చేసిన పని మనకు వరమైంది. తుప్పు పట్టిన ముక్కను విప్పి ఖమ్మంలో టింకరింగ్ మేస్త్రీ ముందు పడేస్తే చాలు, కారంతా మోసుకుపోనక్కర్లేదు.

ఫిబ్రవరి 23, హైదరాబాద్
చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, ఎక్కకుండానే 1911లో పోయాడు. తర్వాత ఊరేగింపులకే వాడారు. అద్దంలా ఉంది. నాకెందుకో జాలేసింది. కారుకు అసలు తిరుగుడే లేకపోతే ఎట్లా?

మార్చి 2
డాష్‌బోర్డు కింద బ్లోయర్ పెట్టాం. ఏళ్ల తరబడి పేరుకున్న మిర్చి దుమ్ము ఒక్కసారిగా లేచింది. నేను, బాబాయి, బ్లోయర్ అరువిచ్చిన పక్కింటి కుర్రాడు, గేటు దగ్గర నిలబడి చూస్తున్న నాయనమ్మ, అందరం దగ్గులే దగ్గులు. ఎలుకలు వైరింగు కొరికినయి గానీ, ఆ మూల జోలికి పోలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మార్చి 23
ఇవాళంతా ముందు చక్రాల దగ్గరే. హెరాల్డ్‌లో ప్రాణం తీసేది ఇంజను కాదు, ట్రనియన్. చక్రాన్ని పట్టుకుని నిలువుగా ఓ ఇనుప కడ్డీ. దాని అడుగున మరలు. ఆ మరలు ఓ కంచు ముక్కలో కూర్చుంటాయి, అదే ట్రనియన్. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరగాలి. దానికి గ్రీజు పనికిరాదు, 90 నంబరు గేర్ ఆయిలే పట్టించాలి. గ్రీజు గట్టిపడితే లోపలి మరలకు తడి అందదు, నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఓ రోజు మలుపులో కడ్డీ మెడ తెగి చక్రం పక్కకు వాలిపోతుంది.
ఎడమవైపుది విప్పాం. గోధుమరంగు మైనంలా గ్రీజు. కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో తోమితే మరలు బయటపడ్డయి. నాలుగో మర దగ్గర వెంట్రుకంత గీత. గోరు పెడితే తగులుతోంది. చీలిక.
లేత్ మేస్త్రీ భూతద్దం పెట్టి చూసి, "వెల్డింగు చేస్తా గాని నువ్వు ఎక్కొద్దు" అన్నాడు. అంతకంటే నిజాయితీగల ఎస్టిమేటు ఎవరిస్తారు? పాత కార్ల సామాను చెన్నై పుదుపేటలో దొరుకుతుంది, అక్కడ వెతికించాలి.

ఏప్రిల్ 7
నిన్న శ్రీరామనవమి. మెకానిక్ భద్రాచలం కల్యాణానికి పోయి ఇంకా రాలేదు. పని బంద్. తలంబ్రాలు తెస్తడట, డాష్‌బోర్డులో పెట్టాలట.

మే 11
హెడ్డు విప్పాం. 948 సీసీ, నాలుగు సిలిండర్లు. దీని పూర్వీకుడు 1953లో స్టాండర్డ్ ఎయిట్‌లో వచ్చిన 803 సీసీ ఇంజను. వాల్వు సీట్లు లోపలికి దిగినయి. అప్పట్లో పెట్రోల్లో సీసం ఉండేది, అది సీట్ల మీద పొరలా పట్టి కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం లేని పెట్రోలే. అందుకే గట్టి ఉక్కు సీట్లు దిగ్గొట్టిస్తున్నాం. ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవు, అవీ మార్చాలి.
"మరింకేం ఒరిజినల్?" అన్నాడు బామ్మర్ది.

జూన్ 8
2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రూల్స్ చదివాను. యాభై ఏళ్లు దాటిన బండ్లకు కొత్త రిజిస్ట్రేషనయితే ఫీజు 20,000, నంబరులో 'వీఏ' అక్షరాలు, పదేళ్ల చెల్లుబాటు. పాత రిజిస్ట్రేషన్ ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు పోవచ్చు. బాబాయి ఉద్దేశంలో తిరుమలాయపాలెం నుంచి ఎక్కడికి పోయినా పెట్రోలు కోసమే.
బండి అసలు రూపంలోనే ఉండాలని కూడా రాశారు. చాసిస్, బాడీ, ఇంజను మారకూడదు. మావి మారలేదు. కానీ పెదతాత వేయించిన బస్సు రెగ్జిన్ సీట్లు, ట్రాక్టరు హారను? వాటిని తీసేసి వండలూరు నాటి సీట్లు కుట్టించమన్నారు కొందరు. కుట్టించను. ఫ్యాక్టరీలో ఈ కారు గడిపింది కొన్నాళ్లే, మిగతా బతుకంతా మా ఊళ్లోనే. హారను మోగుతోంది, ఊరంతా వినబడేట్టు.

జులై 6
పుదుపేట నుంచి కడ్డీ, ట్రనియన్ వచ్చినయి. బిగించి పెరట్లో తిప్పాను. 25 అడుగుల్లో చుట్టు తిరుగుతుంది, గేదె కట్టేసిన గుంజ కూడా కదపనక్కర్లేదు. వెనక చక్రాలు మాత్రం వేగంగా మలుపు తిప్పితే లోపలికి ముడుచుకుంటాయి. స్వింగ్ యాక్సిల్ గుణం అది. మెల్లగా పోవాలి.
వైపర్లు ఇంకా పనిచేయవు. ఆదివారం వాన లేకపోతే పాలేరు దాకా పోదామని బాబాయి బేరం. ముందు బ్రేకు గొట్టాలు మారాలన్నాను.
"గేరుతో ఆపరాదూ!" అంటున్నాడు.