ఒక నిమిషపు పందెము

బడిలో ఆట యన్నంతనే మొగము చిట్లించు పెద్దలు మనలో నింకను గలరు. మా మిత్రులొకరు విందు వేడుకలలోని నిమిషపు పందెములను సామాన్యశాస్త్రపు తరగతిలోనికి దెచ్చినారని విని, ఆ గ్రామ పాఠశాలకు మేము పోయి చూచితిమి.

పందెమిది: రూపాయి నాణెముపై నీరు పొరలిపోకుండ ఒక్క నిమిషములో నెన్ని బొట్లు నిలుపవచ్చును? ముందుగా ప్రతివారును తమ యంచనాను వ్రాయవలెను. పలువురు అయిదనియు ఆరనియు వ్రాసిరి. 20 దాటినను నీరు పొరలలేదు. నాణెముపై గోపురమువలె నుబ్బి నిలిచినది. తరగతి యంతయు ఊపిరి బిగబట్టినది. పిదప నీటిలో కొంచెము సబ్బు కలిపి మరల నాడించిరి. ఈసారి గోపురము త్వరలోనే కూలినది.

"సబ్బు కలిపితే నీళ్లెందుకు నిలవలేదు సార్?" అని యొక బాలిక లేచి యడిగినది.

అప్పుడు గదా తలతన్యత యను మాట నల్లబల్ల మీదికి వచ్చినది! నీటి యణువులు ఒండొంటిని లాగికొనుటచే పైతలము బిగించిన పొరవలె నుండుననియు, సబ్బు ఆ బిగిని సడలించుననియు చెప్పగా పిల్లలకు వెంటనే బోధపడెను. మాట ముందును వస్తువు వెనుకను వచ్చుట మన పాఠముల యలవాటు. ఇచ్చట వరుస మారినది. ఇది క్రొత్త వింతయు గాదు. 1860-61 శీతకాలమున లండనులో ఫారడే మహాశయుడు ఒక్క క్రొవ్వొత్తిని ఆధారముగా జేసికొని పిల్లలకు ఆరు ఉపన్యాసము లిచ్చెను.

మరియొక పందెము స్కేలుతో. ఒకరు నిలువుగా బట్టి విడిచిన స్కేలును వేరొకరు వ్రేళ్లతో బట్టవలెను. అది 20 సెంటీమీటర్లు జారినచో సెకనులో అయిదవవంతు గడచినట్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో బోవు మోటారుసైకిలు ఆ లోపల రెండు మీటర్లు పోవును. ఇంట మోటారుసైకిలు నడుపు అన్నలున్న పిల్లలు ఈ లెక్కను మిక్కిలి శ్రద్ధగా వినిరి.

అయితే చదువరులారా, చేతివేగము గలవారే ప్రతిసారియు గెలుచుచుండిన, వెనుక వరుసవారు చప్పట్లు కొట్టుటకే మిగులుదురు. ర్యాంకుల జాడ్యము ఆటలోను దూరును. (మిఠాయి బహుమానమున్నచో ఆ రభస వర్ణింప నలవి గాదు.) మా మిత్రులు బొట్ల లెక్కకు బహుమతి నీయరు, తన యంచనా ఏల తప్పినదో చెప్పగలిగిన వారికే యిత్తురు. ఆనాడది ప్రశ్న యడిగిన బాలికకే దక్కినది.

ఆమె అంతకుముందొకనాడు ఇంట ఇట్టి పరీక్షయే చేయబోయి, "నీళ్లతో ఆటలేమిటి?" అని తల్లిచే చీవాట్లు తిన్నదట. తల్లిని గూడ పందెమునకు బిలువుమని మేము చెప్పి వచ్చితిమి. ఆ తల్లి 27 బొట్లు నిలిపినదని వారము దిరుగకుండ మాకు కబురందినది.