జొవాయిలో దయ్యం బుట్టలు

మేఘాలయ వెళ్ళినవారు సాధారణంగా షిల్లాంగు చూసి, చిరపుంజి వానలో ఒకసారి తడిసి తిరిగి వచ్చేస్తారు. షిల్లాంగు నుంచి తూర్పుగా మరో 65 కిలోమీటర్లు పోతే జొవాయి అనే పట్టణం వస్తుంది. అక్కణ్ణించి జరైన్ దారి పట్టామంటే, చిన్నప్పుడు వృక్షశాస్త్రం పుస్తకంలో బొమ్మగా చూసిన కూజా మొక్కను దాని పుట్టింట్లోనే చూడవచ్చు.

ఆకు కొస తీగలా సాగుతుంది. ఆ తీగ చివర మూతతో సహా ఒక కూజా తయారవుతుంది. అడుగున కాస్త రసం ఉంటుంది. అంచున ఉన్న తేనెకు ఆశపడి చీమ కాలు జారిందా, ఇక దాని కథ కంచికే! మన దేశంలో పుట్టిన నెపెంథిస్ జాతి ఇది ఒక్కటే. హుకర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1873లో దీన్ని నెపెంథిస్ ఖాసియానాగా లోకానికి పరిచయం చేశాడు. గారో కొండలవాళ్ళు మాత్రం 'మెమాంగ్ కోక్సి' అంటారు. అంటే దయ్యం బుట్ట!

జొవాయిలో నేను బస చేసిన ఇంటి యజమానురాలు ఉద్యోగ విరమణ చేసిన టీచరుగారు. ఆ సీమలో పుట్టినిల్లు కడగొట్టు కూతురికి దక్కుతుంది. ఈవిడ ఆ కడగొట్టు కూతురే. వరండాలో నర్సరీనుంచి తెచ్చి పెంచిన కూజా తీగ ఒకటి పందిరి ఎక్కి ఉంది. నాలుగు కొమ్మలకూ నాలుగు పూగెలలు. కూజాలు మాత్రం రెండే, అవీ ఎండినవి.

"ఎంత విరగబూసిందండీ!" అన్నాను.

"అదే బెడద. వాసన చూడండి," అన్నారావిడ, హిందీ ఇంగ్లీషూ కలిపి.

చూశాను. రెండోసారి చూడబుద్ధి కాలేదు.

"ముదిరిన తీగ పూతకు దిగితే బలమంతా గెలకే పోతుంది. కూజాలు కట్టవు. అందుకే గెల వేలెడు పొడవుండగానే మొదలుకు కత్తిరించాలి. అయినా మాటిమాటికీ పూస్తుంటే, వానలు మొదలయ్యేటప్పుడు తీగనే సగానికి కోసేస్తాను. అడుగునుంచి లేత పిలకలు లేస్తాయి. వాటికి కొన్నాళ్ళదాకా పూత ఉండదు. చక్కగా కూజాలు వేస్తాయి. కోసిన తీగను రెండు మూడు కణుపుల ముక్కలు చేసి తడి నాచులో గుచ్చితే అవీ వేళ్ళు పట్టవచ్చు."

మన ఇళ్ళలో తులసికి వెన్నులు తుంచడం గుర్తుకొచ్చింది. మొక్క గుబురుగా ఉండాలంటే ఎక్కడైనా ఇదే కిటుకు కాబోలు!

మాట్లాడుతూనే ఆవిడ మూడు గెలలు కత్తిరించారు. నాలుగోదాని జోలికి పోలేదు.

"దాన్ని వదిలేశారేం?"

"ఈ జాతిలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. మాది మగది. పై వీధిలోవాళ్ళ ఆడ తీగ ఇప్పుడే పూసింది. రేపు ఈ పుప్పొడి తీసుకెళ్ళి కుంచెతో అద్దాలి. విత్తనాలు కాస్తే మొలకలు పోస్తాం."

ఆ మాట విలువ జరైన్ కొండవాలులో తెలిసింది. బొగ్గు తవ్వకాలకూ, రోడ్లకూ, అమ్ముకునేవాళ్ళ చేతులకూ తీగలు తరిగిపోయాయి. మిగిలినవి ఇక్కడొకటి, అక్కడొకటి. దగ్గరలో ఆడ తీగ లేకపోతే మగ తీగ ఎంత పూసినా ఒక్క గింజ ఉండదు. అందుకే అడవిలో పెరికిన ఈ మొక్కను దేశాల మధ్య అమ్మడాన్ని అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. గారో కొండల్లో బాఘ్‌మారా దగ్గర దీనికోసమే ఒక రక్షిత స్థలం ఉంది.

మీరూ ఈ తీగను పెంచుకోదలిస్తే నర్సరీలో పెంచినదే అడిగి తెచ్చుకోండి. వాననీరు పోయండి, నడి ఎండ తగలనివ్వకండి. పూత ఎక్కువైతే నిస్సంకోచంగా కత్తిరించండి. ఒక్క గెలను మాత్రం, మీ ఊళ్ళో దానికి జోడు ఎక్కడైనా ఉందేమో విచారించి మరీ కత్తిరించండి!