మూడో టక్కు

మా అమ్మల చిన్నప్పుడు ‘పార్టీ డ్రెస్సు’ అన్న మాట పల్లెటూళ్లకి ఇంకా చేరలేదు. పేరంటమైనా, పెళ్లైనా, బొమ్మల కొలువైనా ఆడపిల్లకి ఒకటే... పట్టు పరికిణీ! దానిమీదకి బుట్ట చేతుల జాకెట్టు, పూలజడ. ఆ జడ కూడా పడాలని స్టూడియోల్లో వెనక నిలువుటద్దం పెట్టి మరీ ఫొటో తీసేవారు. మా కృష్ణా జిల్లా ఇళ్లలో అలాంటి ఫొటో ఒక్కటైనా గోడకి ఉండాల్సిందే.

అసలు తెలివంతా దాన్ని కుట్టించడంలో ఉండేది. పట్టంటే మాటలా? పిల్లేమో ఏడాదికి రెండంగుళాలు పెరిగిపోతుంది. అందుకని గుడ్డ పొడుగ్గా తీసుకుని, అంచుకి పైన మడతలు పెట్టి టక్కులు వేయించేవారు. పిల్ల ఎదిగినకొద్దీ ఒక్కొక్కటీ విప్పుతారు. నడుముకి బొందే కాబట్టి ఒళ్లు చేసినా చింత లేదు. జాకెట్టుకీ పక్క కుట్లలో గుడ్డ వదిలేవారు.

విప్పిన చోట గీత ఉండిపోతుంది. మడతలో దాగిన గుడ్డకి ఎండ తగలదు కదా, అక్కడ రంగు కొత్తగా మెరుస్తుంది. గీతల మధ్య వేళ్లు పెట్టి కొలిస్తే పిల్ల ఎంత ఎదిగిందో చెప్పేయొచ్చు. ఇప్పటి క్యాన్‌క్యాన్ గౌన్లకి ఆ భాగ్యం లేదు. పుట్టినరోజు నాడు గుచ్చుకుంటాయి, మరుసటి పుట్టినరోజుకి పొట్టైపోతాయి, అంతే.

అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, కలరా ఉండల వాసనలో, ఇలాంటిది ఒక్కటే మిగిలింది. అమ్మది. వంకాయరంగు, జానెడు జరీ అంచు. 1971 సంక్రాంతికి, అమ్మకి పదేళ్లప్పుడు కుట్టించారట. మిగతా పట్టుబట్టలన్నీ చేతిలో డబ్బాడని ఓ ఏడు ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వీధిలోకొచ్చినాయనకి వెళ్లిపోయాయి. అప్పటి మేలురకం జరీ అంటే వెండితీగకి బంగారు పూత. చీరని కాల్చేసి, బూడిదలోంచి వెండి తీసుకుంటారు. పెళ్లి చీరైనా సరే, వాళ్లకి తూకమే! ఈ పరికిణీని మాత్రం అమ్మమ్మ బియ్యం డబ్బాలో దాచేసింది.

దాన్ని పరిచి చూస్తే రెండు గీతలు కనిపిస్తాయి. మూడో టక్కు మాత్రం దర్జీ వేసింది వేసినట్టే ఉంది. పెద్దమనిషయ్యాక దానిమీదకే ఓణీ వచ్చింది. 1976 వేసవిలో, పదో తరగతి పరీక్షలవగానే, పదిహేనేళ్ల అమ్మకి పెళ్లి చేసేశారు. అప్పటి చట్టానికి అది తప్పు కాదు. ఆడపిల్ల పెళ్లి వయసుని 15 నుంచి 18కి పెంచింది 1978లో. రెండేళ్ల తేడా! పెళ్లి మర్నాటి నుంచీ చీరలే. పరికిణీల ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి చాలామంది దాటేస్తుంటారు.

‘‘ఏడ్చావా అమ్మా?’’ అనడిగాను.

‘‘కుచ్చిళ్లు నిలవక ఏడ్చాను’’ అంది.

మా అక్క కూతురికి పదమూడు. ఈసారి పండక్కి అమ్మమ్మ పరికిణీయే కడతానని పంతం. కట్టిచూస్తే నాలుగు వేళ్లు పొట్టైంది. పాత పట్టు మడతల దగ్గర చిట్లుతుందని నాకు భయం. అమ్మ మాత్రం కళ్లజోడు పెట్టుకుని, బ్లేడు తీసుకుని, ఒక్కో కుట్టూ తెంపడం మొదలెట్టింది. గంట పట్టింది. లోపల్నుంచి ముదురు వంకాయరంగు పట్టీ ఒకటి బయటపడింది.

‘‘చూశావుటే, అప్పుడిదీ దీని రంగు!’’ అంటూ మనవరాలిని అద్దం వైపు తిప్పింది.