దసరా బొట్టుతో పాటు పానా కూడా

దసరా దగ్గర పడిందంటే మా దిక్కు ప్రతి వాకిట్లో బండ్లకు స్నానాలు మొదలవుతాయి. ట్రాక్టరు, వరికోత మిషను, ఆటో, చివరికి నీళ్ల మోటరుకు కూడా పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సద్దుల బతుకమ్మను సాగనంపి, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నామో లేదో, వరి బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత మిషనుకు తీరిక ఉండదు. అందుకే ఈసారి కబుర్లన్నీ బెల్టు, టైరు, బ్లేడు చుట్టే.

జగిత్యాల దిక్కు

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు పారే ఊళ్లలో ఎటు చూసినా వరే. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన 'జగిత్యాల సన్నాలు' మన జిల్లా పేరును ఎక్కడెక్కడి పొలాలకో తీసుకుపోయాయి. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా వచ్చింది. అంత విలువైన గింజను మిషనులోనే పోగొట్టుకుంటే ఎట్లా?

బెల్టు వదులైతే ముందు దెబ్బ తినేది వడ్లే. డ్రమ్ము వేగం తగ్గి, గింజ గడ్డిలోనే ఉండిపోతుంది. ఫ్యాను వేగం తగ్గి, తాలు వడ్లలో కలిసిపోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటొద్దని ఒక షరతు ఎట్లాగూ ఉంది. దానికి తాలు కూడా తోడైతే తరుగు పేరుతో కోత తప్పదు. కల్లం కాడ వాదులాడేకన్నా, కోతకు ముందే బెల్టు చూసుకోవడం నయం.

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. ఇంజను ఆపి, బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం వంగాలి. పొడుగాటి బెల్టు ఇంకొంచెం ఎక్కువ వంగుతుంది, సరైన లెక్క మిషను వెంట వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, లోపలి వైపు పగుళ్లున్నా, దారాలు లేచినా మార్చాల్సిందే. బెల్టు మీద 'బి 60' అని ఉంటే పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, లోపలి చుట్టుకొలత 60 అంగుళాలు. ఆ అంకె రాసుకొని కొట్టుకు పోతే రెండుసార్లు తిరిగే పని ఉండదు. ఒకే పుల్లీ మీద జంటగా నడిచే బెల్టుల్లో ఒకటి తెగితే రెండూ కొత్తవే వేయాలి. లేకుంటే బరువంతా కొత్తదాని మీదే పడి అదీ త్వరగానే పోతుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. ముందు బిగింపు వదులు చేసి, చేత్తోనే ఎక్కించాలి.

కోరుట్ల బాట

కోరుట్ల, మెట్‌పల్లి చేన్లలో పసుపు ఇంకా పచ్చగా నిలబడి ఉంది. మక్క కంకులు మాత్రం ఇళ్లకు చేరుతున్నాయి. కంకి విరిచిన చేనులో మిగిలే మక్క కొయ్యలు ట్రాక్టరు టైర్లకు గండం. ఎండిన కొయ్య మొన రబ్బరులోకి దిగుతుంది. సాలు మధ్య నుంచి నడిపితే టైరు బతుకుతుంది.

గాలి సంగతిలో చాలామంది పొరపడతారు. పొలంలో వెనుక టైర్లకు 12 నుంచి 14 పౌండ్ల గాలి ఉంటే పట్టు బాగుంటుంది. అదే గాలితో లోడు వేసుకొని 63వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే టైరు పక్కలు నలిగిపోతాయి, రోడ్డు పనికి ఇంకొంచెం పెంచాలి. రెండు వైపులా గాలి సమానంగా ఉండాలి, లేకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. ఇక కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కడం మనకు మనమే చేసుకునే నష్టం. ఆ రోడ్డు మన పిల్లల బడి బస్సుది కూడా.

రోటవేటరు బ్లేడ్లలో కుడివి వేరు, ఎడమవి వేరు. తారుమారుగా బిగిస్తే మిషను మొత్తం అదురుతుంది. అరిగినవి తీసే ముందు వరుసను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. బోల్టులు మొదటి గంట దున్నినంక మళ్లీ ఒకసారి బిగించండి.

సిరిసిల్ల ముచ్చట

సిరిసిల్లలో బెల్టు విలువ ఒకరు చెప్పే పని లేదు. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరలు మొదలైనప్పుడు వాటిలో చాలా చీరలు ఇక్కడి సాంచాల (మరమగ్గాల) మీద నేసినవే. మోటరు నుంచి సాంచా దాకా తిప్పేది బెల్టే, అది జారితే ఆసామికి ఆ పూట కూలి జారినట్టే. మధ్య మానేరు నీళ్లతో చుట్టుపక్కల వరి పెరిగి కోత మిషన్లు కూడా ఎక్కువైన ఈ రోజుల్లో, సాంచాల కాడ పనిచేసిన చేతులకు ఆ మిషన్ల మరమ్మతు పెద్ద కష్టం కాదు.

కోత మిషను కట్టర్ బారు మీది మూడు మూలల బ్లేడ్లను ఒక్కొక్కటిగా చూడండి. మొద్దు బ్లేడు వరి దుబ్బును కోయకుండా గుంజుతుంది, పండిన గింజ మడిలోనే రాలిపోతుంది. పళ్లున్న బ్లేడును సాన పట్టొద్దు, రివిట్ తీసి కొత్తది వేయాలి.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల మాట

ఈ మూడు ఊళ్ల నుంచి గల్ఫ్ పోయి, అక్కడి పార్కుల్లో కూర్చొని నడిపే గడ్డి కోత బండ్ల మీద పనిచేసిన తమ్ముళ్లు చాలామందే. పండుగకు సెలవు మీద వచ్చినవాళ్లను అడగండి, వాళ్లు చెప్పేదీ ఇదే. రెండు టైర్లలో గాలి తేడా వస్తే గడ్డి ఎగుడుదిగుడుగా తెగుతుందట. సాన పట్టిన బ్లేడును నడిమి రంధ్రంతో మేకుకు తగిలించి, ఏ కొస కిందికి వాలితే ఆ కొసను ఇంకొంచెం అరగదీస్తారట. బరువు సరిసమానం కాకుంటే బేరింగు పోతుంది. ఆ నేర్పు వాళ్లతోనే విమానం ఎక్కి పోనీయకండి, ఊళ్లో పిల్లలకు ఒక పూట చూపించమనండి.

చివరగా అన్నలకు, తమ్ముళ్లకు, మిషను నడిపే ప్రతి ఒక్కరికీ ఒక్క విన్నపం. గడ్డి ఇరుక్కుందని నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టకండి. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకొని, అన్నీ తిరగడం ఆగినంకనే ముట్టుకోండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే పంట ఎక్కడికీ పోదు.