అన్నం తినే ఇంటికి సీలియాక్ రిపోర్టు

రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది, నెగటివ్ అని ఉంటే ఆ సంగతి వదిలేస్తాం. నాకు వచ్చింది ‘వీక్ పాజిటివ్’. అమెరికాలో 2021 నుంచి పరీక్షల ఫలితాలు ఆలస్యం చెయ్యకుండా రోగికి అందించాలన్న నిబంధన అమల్లో ఉంది. అందుకే డాక్టరుగారు చూడకముందే, శుక్రవారం సాయంత్రం, నా ఫోనులోకి వచ్చేసింది. టీటీజీ ఐజీఏ 7, ఉండాల్సింది 4 కంటే తక్కువ. దాని కిందే ఈఎంఏ నెగటివ్. సీలియాక్ ఉందేమో అని ఒక వరుస, లేదని ఇంకో వరుస. సోమవారం దాకా వాటినే చూస్తూ కూర్చున్నాను.

అసలు ఆ పరీక్ష దాకా రావడానికే ఏళ్ళు పట్టింది. నాకు కడుపునొప్పి లేదు, విరేచనాలు లేవు. ఉన్నదల్లా రక్తహీనత. గుంటూరులో ఉన్నప్పుడూ అదే, డాలస్ వచ్చాకా అదే. ఐరన్ మాత్రలు వేసుకున్నన్నాళ్ళు కాస్త పెరిగేది, ఆపగానే మళ్ళీ మొదటికి. ‘మన ఆడవాళ్ళకి రక్తం తక్కువుండటం మామూలేగా’ అనేవారు అందరూ. ఈ మాట మీద నాకు నిజంగా కోపం. మామూలు అని ఒకసారి అనేశాక ఎందుకని అడిగేవాళ్ళే ఉండరు. చివరికి ఇక్కడ ఒక డాక్టరుగారు అడిగారు: మింగిన ఐరన్ అంతా ఎక్కడికి పోతోంది? ఐరన్‌ని పీల్చుకునేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే, ఈ జబ్బు ఉన్నవాళ్ళ రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే తిరగబడుతుంది. ఆ తిరుగుబాటుకు గురయ్యే ఎంజైమును 1997లో బెర్లిన్ పరిశోధకులు గుర్తించారు. దాని పేరే టీటీజీ. దాని మీద తయారైన యాంటీబాడీలనే ఈ రక్తపరీక్ష కొలుస్తుంది. ఈఎంఏ కూడా ఈ జబ్బుకు చేసే మరో యాంటీబాడీ పరీక్షే. అవి తయారు కావాలంటే గ్లూటెన్ తింటూ ఉండాలి.

పేగుల డాక్టరుగారు ముందు చూసింది మొత్తం ఐజీఏ ఎంత ఉందని. కొందరి ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీ దాదాపుగా తయారే కాదు. సీలియాక్ ఉన్న ప్రతి వందమందిలో ఇద్దరు ముగ్గురు అలాంటివాళ్ళు. జబ్బు ఎంత ముదిరినా వాళ్ళ టీటీజీ ఐజీఏ నెగటివే చూపిస్తుంది, వాళ్ళకి ఐజీజీ పరీక్షలు చెయ్యాలి. నాకు మొత్తం ఐజీఏ సరిగ్గానే ఉంది. తర్వాత ఆవిడ ఏడు అంకెను పట్టించుకోలేదు, అది ల్యాబు పెట్టిన హద్దు గీతకు ఎన్ని రెట్లు పైన ఉందో చూశారు. ఒక ల్యాబులో గీత 4 దగ్గర, మరో ల్యాబులో 15 దగ్గర. కాబట్టి మీ రిపోర్టులో 7, పక్కింటివాళ్ళ రిపోర్టులో 12 అని పోల్చుకుంటే అర్థం లేదు. పదిరెట్లు దాటితే సీలియాక్ దాదాపు ఖాయం. ఐరోపాలో అలాంటి పిల్లలకు మరో రక్త నమూనాలో ఈఎంఏ కూడా పాజిటివ్ వస్తే, పేగు ముక్క తీసి చూసే బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తున్నారు. నాది రెండురెట్లు కూడా లేదు. టైప్ 1 షుగరు, థైరాయిడ్, లివర్ జబ్బుల్లో కూడా టీటీజీ ఆ కాస్త పెరగొచ్చు. ఈఎంఏ ఊరికే పాజిటివ్ రాదు, కానీ జబ్బు తక్కువగా ఉన్నప్పుడు తప్పిపోవచ్చు. అంటే నా రిపోర్టు ఎటూ తేల్చలేదు.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న మన తెలుగువాళ్ళందరిదీ అనిపించింది నాకు: ‘రోజూ ఏం తింటారు?’ పొద్దున ఇడ్లీయో దోసో, మధ్యాహ్నం అన్నం, రాత్రి కూరతో కొంచెం, పెరుగుతో కొంచెం అన్నం. వారాంతంలో ఉప్మా. ఎప్పుడన్నా పుల్కాలు. ఇంత తక్కువ గోధుమ తినే మనిషికి టీటీజీ ఈ మాత్రమైనా రావడం ఆలోచించాల్సిన విషయమే అన్నారావిడ. భారతదేశంలో ప్రాంతాలవారీగా చేసిన ఒక పరిశీలన 2016లో వచ్చింది. ఉత్తరాదిలో వందకు 1.23 మందికి సీలియాక్ ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి. జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే మోతాదులో, మూడోవంతు మందికి పైగా ఉన్నాయి. పెద్ద తేడా తినే గోధుమలోనే. నా మటుకు నాకు తోచేదేమిటంటే, అన్నం మనల్ని కొంత కాపాడింది, కొందరి జబ్బును దాచిపెట్టింది కూడా. ఇక్కడికి వచ్చాక మనలో చాలామందికి పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం శాండ్‌విచ్, షుగరు వస్తుందన్న భయంతో రాత్రి అన్నం బదులు పుల్కాలు. దాగున్నది ఉంటే, బయటపడేది ఇప్పుడే.

రిపోర్టు సంగతి తెలిసిన స్నేహితురాలు ‘ఇవాళే గోధుమ మానెయ్యక్కా, పీడా పోతుంది’ అంది. డాక్టరుగారు వద్దన్నారు. పైగా ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు రోజూ రెండు బ్రెడ్డు ముక్కలు తిని రమ్మన్నారు. ‘పడదేమో అని అనుమానం ఉండగా తినమంటోందా ఆ డాక్టరమ్మ?’ అని అమ్మ ఫోనులో కేకలేసింది. అమ్మ భయం న్యాయమైనదే. కానీ గోధుమ మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది. ఆ తర్వాత యాంటీబాడీ పరీక్షలు గానీ, బయాప్సీ గానీ నిజం చెప్పలేవు. ఉత్త అనుమానం మీద జన్మంతా పథ్యం చెయ్యాలి, లేదా ఉన్న జబ్బును లేదనుకుని బతకాలి. ఈలోగా జన్యు పరీక్ష కూడా అయింది. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేదనే చెప్పొచ్చు. ఉంటే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు. నాకు డీక్యూ2 ఉంది.

ఆ బ్రెడ్డు తిన్న వారాలు తేలిగ్గా గడవలేదు. చివర్లో టీటీజీ ఇంకా పెరిగింది. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో నాలుగైదు చోట్ల ముక్కలు తీశారు, ఎందుకంటే దెబ్బ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పేగు లోపలి గోడ కొత్త తువాలులా నిండుగా పోగులు లేచి ఉండాలి. నాది కొన్నిచోట్ల అరిగి చదునైపోయింది. సీలియాక్ ఖాయమైంది.

బియ్యం, జొన్నలు, రాగులు, సజ్జలు ఉన్న వంటింటికి ఈ పథ్యం పెద్ద కష్టం కాదనుకున్నాం. నన్ను ఆపింది ఇంగువ డబ్బా. వెనక్కి తిప్పి చదివితే గోధుమపిండి అని ఉంది. పొడి ఇంగువలో చాలావాటికి పిండి కలుపుతారు, అది తరచు గోధుమదే. పులిహోర, చారు, మాగాయ, అన్నిట్లోకీ వెళ్ళేది అదే. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెచ్చుకుంటున్నాను.

సీలియాక్ ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో పదిమందిలో సుమారు ఒకరికి అది ఉండొచ్చు. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి, నా పిల్లలకి పరీక్ష చేయించాం. మీ ఇంట్లో ఎంతకీ తగ్గని రక్తహీనత ఉంటే మీరూ అడిగి చేయించుకోండి. టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా రాయమనండి. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా గోధుమ మానకండి. మీరు అన్నం తినేవాళ్ళని, గోధుమ ఎంత తక్కువ తింటారో, రక్తం తీయకముందే డాక్టరుకు చెప్పండి.