గుడారం నుంచి దేవాలయం దాకా

కాజీపేట నుంచి విజయవాడకు సాగే రైలు మార్గంలో డోర్నకల్ ఒక జంక్షను. బొగ్గు గనుల ప్రాంతానికి, భద్రాచలం రోడ్డుకు పోయే శాఖ ఇక్కడే చీలుతుంది. బండి మారవలసినవారు ప్లాట్‌ఫారం మీద టీ తాగి, మూటలు సర్దుకొని తమ దారిన తాము పోతారు. ఊరు చూడాలని దిగేవారు అరుదు.

అలా దిగినవారికి మాత్రం ఒక అపురూపమైన కట్టడం దర్శనమిస్తుంది. దాని గుమ్మటాలను చూస్తే మసీదేమో అనిపిస్తుంది. లోపలి రాతి స్తంభాలను చూస్తే దక్షిణదేశపు గుడి మండపం జ్ఞప్తికి వస్తుంది. ఆ రాళ్ళ మీద తామరపువ్వు ఉన్నది, సిలువ కూడా ఉన్నది. ఇది క్రైస్తవుల ఎపిఫనీ కెథీడ్రల్. తూర్పుదేశపు జ్ఞానులు తమ కానుకలతో శిశువైన యేసును దర్శించిన దినం ఎపిఫనీ. 1939లో సరిగ్గా ఆ పండుగనాడే, జనవరి 6వ తేదీన, ఈ దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. భారతీయులు తమ కానుకలను తమ రీతిలోనే దేవునికి సమర్పించుకోవాలన్న భావన ఇక్కడ రాతిలో రూపు దాల్చింది.

ఆ భావన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యది. ఆయన తెలుగువాడు కాదు. 1874లో తమిళదేశంలో, తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో, ఒక పల్లెటూరి గురువుగారి ఇంట జన్మించారు. యౌవనంలో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగారు. పట్టణాలు, సభలు, విద్యావంతుల సాంగత్యం, దేశమంతటా పేరు: ఆయన జీవితం సుఖంగానే సాగుతున్నది.

1903లో ఆయనా, ఆయన మిత్రులూ కలిసి తిరునల్వేలిలో ఒక భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. విదేశీ ధనం మీద ఆధారపడకుండా, మన మనుషులతో, మన కానుకలతో సువార్త సేవ జరగాలన్నది ఆ సంఘం నియమం. సేవాక్షేత్రంగా ఎన్నుకొన్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. భాష వేరు, రాజ్యం వేరు, ఆచారాలు వేరు. అక్కడికి వెళ్ళండని అజరయ్య యువకులను అర్థించారు. అర్థించేకొద్దీ ఒక ప్రశ్న ఆయననే నిలదీసింది: ఇతరులను పొమ్మంటున్న నేను ఎందుకు పోకూడదు?

1909లో ఉద్యోగం వదలి, గురుత్వాభిషేకం పొంది, భార్య అన్బుతో, పిల్లలతో ఆయన డోర్నకల్ చేరుకొన్నారు. తొలిరోజులలో గుడారమే ఇల్లు. ముప్పైయైదేళ్ళ వయస్సులో తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. మారుమూల పల్లెలకు ఎద్దుబండి ప్రయాణాలు తప్పలేదు.

విధేయత అంటే తలవంచడమేనని కొందరు తలుస్తారు. అజరయ్య చరిత్ర చదివినవారికి ఆ అభిప్రాయం నిలవదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ నల్లని యువ గురువు లేచి, తెల్లదొరల ముఖం మీదనే నిజం పలికారు. మీ త్యాగాలు మాకు తెలుసు, అవి గొప్పవే. అయితే మీరు మాకు స్నేహితులు కావాలి, అన్నది ఆయన మాటల సారం. సభలో కొందరు నొచ్చుకొన్నారు. దేవునికి విధేయుడైనవాడు మనుషుల ముందు దాసుడు కానక్కరలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవినందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. ఒక భారతీయుని కింద యూరోపియన్లు పనిచేయడమా అని అభ్యంతరం చెప్పినవారున్నారు. ఆయన వాదించలేదు, డోర్నకల్ తిరిగివచ్చి పనిలోకి దిగారు.

ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరికి వెలుపల ఉంచబడిన నిరుపేదలు. వారి నుంచి త్యాగం కోరడం న్యాయమా? అజరయ్య కోరారు. ఇచ్చేవాడికే గౌరవమని ఆయన నమ్మకం. గృహిణులు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచేవారు. అదే దేవుని పాలు. కడుపునిండా తినడమే గగనమైన ఇంట ఆ పిడికెడు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద తామే చేయి వేసుకొని, ఈ శుభవార్తను ఇతరులకు చెప్పకుండా ఉండమని ప్రమాణం చేసేవారు. సంఘంలోనూ కులభేదం తలయెత్తింది. అందరూ ఒక్క బల్లవద్ద కూర్చోవాలన్న పట్టును బిషప్పు సడలించలేదు. ఉపదేశకులకు శిక్షణ ఇచ్చినప్పుడు వారి భార్యలకు కూడా పాఠాలు చెప్పించారు. అన్బు గ్రామస్త్రీల నడుమ తన జీవితాన్ని ధారపోసింది.

దేవాలయ నిర్మాణం ఏళ్ళ తరబడి సాగింది. యుద్ధకాలం, ధనాభావం పనికి అడ్డు తగిలాయి. ఇంతకంటె పెద్ద కోరిక ఆయన కన్నుల ముందు నెరవేరనేలేదు. దక్షిణదేశంలోని ప్రొటెస్టెంటు సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడిలో ప్రారంభమైన ప్రయత్నానికి ఆయన ప్రముఖ సారథి. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరులో అవతరించింది. అప్పటికి రెండున్నరేళ్ళకు పైగా ముందే, 1945 జనవరి 1న, ఆయన డోర్నకల్‌లో కన్నుమూశారు. పుట్టిన నేల తిరునల్వేలి. కలిసిపోయింది ఈ తెలుగు మట్టిలో.

నేడు డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. గుడారం వేసిన తావున గుర్తులు వెదకనక్కరలేదు. ఆదివారం ఉదయం చుట్టుపక్కల పల్లెల వారు వచ్చి, ఆ రాతి స్తంభాల నడుమ చేరి తెలుగు కీర్తనలు ఎత్తుకొన్నప్పుడు, ఆ తొలి కాపురం ఫలితమేమిటో వినవస్తుంది. స్టేషనులో బండి మారేవారికి ఒక గంట వ్యవధి చిక్కితే, ఆ గుమ్మటాల దాకా నడిచిరావచ్చు.